వాన పాడుచేసిన పంట - విశ్వాసి నిరీక్షణ



వాన దేవుని వరమని మన పెద్దలు చెబుతారు. అది నిజమే. కాని కోతకు వచ్చిన వరిమీద, కల్లంలో ఆరబోసిన వడ్లమీద, పగిలిన పత్తికాయమీద పడే వాన రైతు కంటికి వరంగా కనిపించదు. 2025 అక్టోబర్ 28వ తేదీ రాత్రి మొంథా తుఫాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. మరునాడు సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న మన ప్రాంతం తడిసి ముద్దయింది. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాద్‌లో, మార్కెట్ యార్డుకు తెచ్చిన వడ్లు రైతుల కళ్ళముందే వరదనీటిలో కొట్టుకుపోయాయి. నాలుగు నెలల కష్టం కాలువపాలు కావడానికి ఒక్క పూట చాలింది.

పట్టణాలలో ఉద్యోగాలు చేసుకునే మన విశ్వాస కుటుంబాలకు ఒక సంగతి తెలియాలి. అదను తప్పిన వాన ఒక్క పంటతో పోదు, రెండు పంటలను చెరుపుతుంది. మొదటి దెబ్బ చేతికి వచ్చిన పంటకు. తడిసిన పత్తి నల్లబడుతుంది. భారత పత్తి సంస్థ 8 నుండి 12 శాతం తేమ ఉన్న పత్తినే కొంటుంది. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కాని తేమ 12 దాటితే ఆ ధర కాగితం మీదనే ఉంటుంది, రైతు బండి దళారి వాకిటికి మళ్ళుతుంది. వడ్లకు 17 శాతం హద్దు. మొగులు వీడకపోతే, ఎండ కాయకపోతే, ఆ హద్దులోకి రావడం ఎవరి తరం?

రెండవ దెబ్బ యాసంగికి. ఆదిలాబాద్ నల్లరేగడిలో సోయా కోసిన వెంటనే శనగ వేస్తారు. శనగకు వాన అక్కరలేదు. నేలలో మిగిలిన తేమ, పైనుండి కురిసే మంచు, చలి, వీటితోనే అది పండుతుంది. నేల బురదగా ఉంటే అరక సాగదు, విత్తడం వెనకబడుతుంది. తొందరపడి తడిలో వేసిన గింజ కుళ్ళిపోతుంది. ఆలస్యంగా వేసిన చేను కాయ పట్టే వేళకు ఎండలు ముదురుతాయి, గింజ ఊరదు. మబ్బు పట్టిన రోజులలో పచ్చపురుగు పెరుగుతుంది. వీటన్నింటికి మించి, యాసంగి విత్తనాలకు, ఎరువులకు కావలసిన పెట్టుబడి వానాకాలం పంట అమ్మిన డబ్బులో నుండే రావాలి. అది రాకపోతే పాత అప్పుమీద కొత్త అప్పు చేరుతుంది. రైతు ఇంట్లో దీపం ఆరకుండా, నిద్ర పట్టకుండా ఉండే రాత్రులు అప్పుడే మొదలవుతాయి.

ఇలాంటి రాత్రులలో విశ్వాసి మనసులో ఒక ప్రశ్న పుడుతుంది. "మేము ఏ పాపం చేశామని దేవుడు మాకు ఈ శిక్ష వేశాడు?" ఈ ప్రశ్నను మనం తేలికగా తీసివేయరాదు, తప్పుడు జవాబు కూడా చెప్పరాదు. కొందరు పొరుగువారు, కొన్నిసార్లు ప్రార్థన చేయడానికి వచ్చినవారు కూడా, "మీ ఇంట్లో ఏదో లోపం ఉంది, అందుకే ఇలా జరిగింది" అంటారు. పంట పోయిన ఇంటిమీద నింద కూడా మోపడం క్రైస్తవ ధర్మం కాదు. సిలోయములో బురుజు కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె ఎక్కువ పాపులని తలచవద్దని యేసు ప్రభువు స్పష్టంగా చెప్పారు (లూకా 13). తండ్రి నీతిమంతుల పొలాలమీద, అనీతిమంతుల పొలాలమీద ఒకేరీతిగా వాన కురిపిస్తాడని కొండమీది ప్రసంగంలో బోధించారు (మత్తయి 5). హుస్నాబాద్ యార్డులో ఏ గింజ ఎవరిదని నీళ్ళు అడగలేదు.

పునీత తోమాసు అక్వినాసు గారు ఈ విషయాన్ని చక్కగా విడమరచి చెప్పారు. దేవుడు సమస్తానికి మూలకారణం. కాని ఆయన సృష్టిలోని వస్తువులకు వాటివాటి స్వభావాన్ని, వాటివాటి పనిని ఇచ్చాడు. నిప్పు కాలుస్తుంది, నీరు పల్లమెరుగుతుంది, బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే అది గాలిని, వానను వెంట తెస్తుంది. ప్రతి మబ్బునూ దేవుడు ఒక్కొక్క ఇంటిమీదికి కక్షతో తోలుతున్నాడని అనుకోవడం భక్తి కాదు, తండ్రి ప్రేమను అనుమానించడం. అంతేకాదు, గాలి, సముద్రం వేడెక్కడంలో మన మనుష్యజాతి దురాశకు కూడా పాలు ఉంది. 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు 'లౌదాతో సీ' అనే విశ్వలేఖలో ఈ మాటనే లోకానికి విన్నవించారు. వాతావరణం చెడగొట్టడంలో పేదవారి వంతు తక్కువ, దాని దెబ్బ మాత్రం ముందుగా తగిలేది వారికేనని హెచ్చరించారు. కాబట్టి రైతు సోదరా, రైతు సోదరీ, నీ చేను మునగడం నీ పాపానికి కూలి కాదు. ముందు ఈ బరువును దించుకో.

మరి ఏడవడం తప్పా? కాదు. పొలం పాడైనందుకు సేద్యగాండ్రు గుండెలు బాదుకోవాలని యోవేలు ప్రవక్త పలికాడు. పరిశుద్ధ గ్రంథం రైతు కన్నీటిని దాచిపెట్టలేదు. హబక్కూకు ప్రవక్త తన గ్రంథం చివరలో ఒక లెక్క చెబుతాడు. అత్తి పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఓలివ పంట లేదు, పొలంలో తిండిగింజ లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, కొట్టంలో పశువులు లేవు. ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా నష్టాన్నంతా లెక్కించి, ఆ తరువాతనే, అయినను నేను ప్రభువునందు ఆనందిస్తాను అంటాడు. నష్టం జరగలేదని బుకాయించడం విశ్వాసం కాదు. నష్టాన్ని ఉన్నదున్నట్లు దేవుని ముందు పెట్టి, ఆయన చేయి విడవకుండా ఉండడం విశ్వాసం.

నిరీక్షణ అంటే ఏమిటి? "వచ్చే ఏడు అంతా మంచే జరుగుతుంది" అని చెప్పుకోవడం కాదు. అది ఎవరూ హామీ ఇవ్వలేరు. అక్వినాసు గారి మాట ప్రకారం నిరీక్షణకు గురి అయిన మేలు ఇంకా చేతికి రానిది, కష్టసాధ్యమైనది, అయినా అసాధ్యం కానిది. సులువుగా దొరికేదానికి నిరీక్షణ అవసరం లేదు. అసాధ్యమని తేలిపోయిందనుకుంటే అది నిరాశ. ఈ రెండింటి నడుమ నిలబడేవాడే నిరీక్షణ గలవాడు. తడి నేలమీద మళ్ళీ గింజ చల్లే రైతుకు ఈ పాఠం ఏ గురువిద్యాలయంలోనూ చదవకుండానే తెలుసు.

ప్రియ విశ్వాసులారా, ఇక చెప్పడానికి కష్టమైన సంగతి చెప్పాలి. 1997-98లో అదను తప్పిన వానలు, పత్తిమీద పురుగుల దాడి, పనిచేయని మందులు, అప్పులు అన్నీ కలిసి మన తెలంగాణ రైతును కూల్చివేశాయి. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో ఎందరో రైతులు పురుగులకు కొట్టవలసిన మందును తామే తాగారు. ఆ విషాదం ఆ ఏటితో ముగియలేదు. అలాంటి ఇళ్ళలో మిగిలిన భార్యను, పిల్లలను చూసి కొందరు విశ్వాసులు, "ఆయనకు మోక్షం లేదట కదా, గుడిలో ప్రార్థన చేయరట కదా" అని గుసగుసలాడతారు. ఈ మాట ఇకమీదట మన విచారణలలో వినబడకూడదు. 1917 నాటి శ్రీసభ చట్టం ఆత్మహత్య చేసుకున్నవారికి భూస్థాపన ప్రార్థనలను నిరాకరించిన మాట వాస్తవమే. 1983లో వచ్చిన నూతన చట్టంలో ఆ నిషేధం లేదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం, తీవ్రమైన మనోవేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, ఆ ఆత్మల రక్షణ విషయంలో మనం ఆశ వదులుకోరాదని, శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుందని బోధిస్తున్నది. ప్రాణం దేవునిది, దానిని తీసుకునే హక్కు మనకు లేదు. అదే దేవుడు, తనకు మాత్రమే తెలిసిన దారిలో, ఆ చివరి గడియలో కూడా చేయి చాపగలడు.

ఇప్పుడు ఆ చీకటి ఆలోచనతో ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, నీకు నా మనవి. మందు డబ్బాను ఇంట్లో ఉంచవద్దు, పొరుగువారింట పెట్టు. ఈ రాత్రే నీ భార్యతోనో, భర్తతోనో, అన్నతోనో, నీ విచారణ గురువుతోనో మాట్లాడు. ఎవరికీ చెప్పుకోలేకపోతే 14416 అనే నంబరుకు ఫోను చెయ్యి. అది మనసు బాగులేనివారి మాట వినడానికి ప్రభుత్వం పెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. అప్పు ఎంత పెద్దదైనా, అది నీ ప్రాణం కంటె చిన్నదే. అప్పు తీర్చే దారి వెదకవచ్చు, ఇంటికి నిన్ను తిరిగి తెచ్చే దారి ఉండదు.

రాజులు రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో అప్పులపాలైన ఒక విధవరాలి కథ ఉంది. భర్త చనిపోయాడు, అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను బానిసలుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె మొదట చేసిన పని నోరు తెరచి ఎలీషా ప్రవక్తకు చెప్పడం. పరువు పోతుందని దాచుకోలేదు. ఎలీషా ఆమెను, నీ ఇంట్లో ఏమున్నదని అడిగాడు. ఒక చిన్న నూనె కుండ తప్ప ఏమీ లేదన్నది. ఇరుగుపొరుగు వారందరి దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకొమ్మన్నాడు, కొద్దిగా కాదు, చాలా తెచ్చుకొమ్మన్నాడు. ఆ పాత్రలన్నీ నిండాయి. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో ఆ తల్లీ బిడ్డలు బ్రతికారు. అద్భుతం దేవునిదే, కాని పాత్రలు పొరుగువారివి. పొరుగువారు పాత్రలు ఇవ్వకపోయి ఉంటే ఆ నూనె దేనిలో పోసేవారు?

ఈ రోజు ఆ పాత్రలు మన ఇళ్ళలో ఉన్నాయి. పూజకు వచ్చేవారిలో అప్పు తీసుకున్నవారూ ఉన్నారు, వడ్డీకి ఇచ్చినవారూ ఉన్నారు. పక్కపక్క బల్లలమీద కూర్చుని ఇద్దరూ అదే దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరిస్తారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చి, పంట పోయిన ఏడు కూడా వాకిట్లో కూర్చునే సోదరుడా, పేదవానివద్ద వడ్డీ గుంజరాదని, తాకట్టు పెట్టిన దుప్పటిని పొద్దుగూకే లోపల తిరిగి ఇవ్వాలని నిర్గమకాండము 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తున్నది. 2025ను శ్రీసభ నిరీక్షణ జూబిలీగా ఆచరించింది. లేవీయకాండములోని జూబిలీ అంటే భూమి మళ్ళీ పేదవాని చేతికి రావడం, బానిస ఇంటికి తిరిగి రావడం. పేద దేశాల అప్పులు మాఫీ చేయాలని ఫ్రాన్సిస్ జగద్గురువులు ధనిక దేశాలను అర్థించారు. దేశాలకు చెప్పిన మాట మన వాడకు వర్తించదా? అసలు అడుగు, అది నీ హక్కు. కాని ఈ ఏటి వడ్డీ వదిలెయ్యి, గడువు పొడిగించు.

భూమి కౌలుకు ఇచ్చినవారితో కూడా ఒక మాట. పట్టాదారు పుస్తకం మీ పేరున ఉంటుంది, చెమట కౌలుదారుది. 2018లో మొదలైన రైతుబీమా పట్టా ఉన్న రైతు కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తుంది, పట్టా లేని కౌలు రైతు చనిపోతే అతని ఇంటికి అది రాదు. పంట నష్టానికి పరిహారం వచ్చినప్పుడు అది మీ ఖాతాలో పడితే, ఆ డబ్బు ఎవరి నష్టానికి వచ్చిందో మీ మనస్సాక్షికి తెలుసు. దానిని అతనికి చేర్చడం దానధర్మం కాదు, న్యాయం. పంట పోయిన ఏడు కౌలు తగ్గించడం కూడా న్యాయమే. యాకోబు గారి లేఖ చివరి అధ్యాయంలో కోతగాండ్ర కూలిని ఎగగొట్టినవారి గురించి ఏమి వ్రాసి ఉందో ఒకసారి చదవండి.

విచారణగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గుడి ఆవరణలో సిమెంటు నేల ఉంటే వడ్లు ఆరబెట్టుకోవడానికి ఇవ్వవచ్చు. నాలుగు కుటుంబాలు కలిసి పరదాలు కొని పంచుకోవచ్చు. విత్తనం కుళ్ళిపోయిన వారికి, ఉన్నవారు రెండు కుంచాలు శనగలు బదులు ఇవ్వవచ్చు. చదువుకున్న యువతీ యువకులు పంట నష్టం దరఖాస్తులు, బ్యాంకు కాగితాలు రాసిపెట్టవచ్చు. తెలియని మందులు కొనేముందు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. మరియదళం సభ్యులు పంట పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు పెద్ద ఉపదేశం చేయనక్కరలేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా అతని పక్కన కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే. నోరు తెరచి అతనిలో తప్పులు వెదకడం మొదలుపెట్టాకనే చెడిపోయారు.

జలప్రళయం తరువాత దేవుడు నోవాతో, భూమి ఉన్నంతకాలం విత్తే కాలం, కోసే కాలం ఆగవని మాట ఇచ్చాడు. ఆ మాట పలికినది నీళ్ళు తీసిన బురదనేలమీద నిలబడిన మనిషితోనే. 126వ కీర్తన కన్నీటితో విత్తేవారి గురించి పాడుతుంది. వారు ఏడ్చారు, అయినా విత్తడం మానలేదు. ఇద్దరు మనుష్యులు కలిసి మోస్తే బరువు సగమవుతుందని మన పల్లెలవారికి వేరే చెప్పాలా? ఒకరి భారం ఒకరు మోయండి, అదే క్రీస్తు చట్టమని పౌలు గారు గలతీయులకు బోధించారు.

రైతుల పాలకుడైన పునీత ఇసిదోరు స్వయంగా మరొకరి భూమిలో కూలికి దున్నినవాడు. ఆయన వేడుదల మన కౌలు రైతులకు, కూలీలకు, పత్తి ఏరే తల్లులకు తోడుగా ఉండును గాక. తడిసిన నేలను ఆరబెట్టే ఎండను, చెదరిన గుండెకు ధైర్యాన్ని, ఉన్నవారికి ఇచ్చే మనసును తండ్రి దేవుడు మనకు దయచేయును గాక. ఆమెన్.