“ఏమీ కాదులే” అనవచ్చునా?



ఆస్పత్రికి బయలుదేరే మనిషితో మనమందరం అనే మాట ఒకటి ఉంది: “ఏమీ కాదులే.” ఆ మాటలో ప్రేమ ఉందనుటకు సందేహం లేదు. అయితే అందులో సత్యం ఎంత? సత్యం లేని ఓదార్పును ఓదార్పు అనవచ్చునా? ఈ ప్రశ్నను ప్రాణాంతకమైన వ్యాధుల విషయంలో చాలామంది చర్చించారు. నేను మాత్రం మన ఇళ్లలో తరచుగా ఎదురయ్యే ఒక చిన్న శస్త్రచికిత్సను, అనగా జ్ఞానదంతం తీయించుకోవడాన్ని తీసుకొని ఆలోచించదలచాను. చిన్న సంగతుల్లో పడిన అలవాటే పెద్ద సంగతుల్లో మనల్ని నడిపిస్తుంది.

పెద్దవారి నోట 32 పళ్లు ఉంటాయని బడిలో చదువుకున్నాం. వాటిలో అన్నిటికంటె లోపల ఉండే నాలుగు దవడపళ్లు సాధారణంగా 17 నుండి 25 ఏళ్ల మధ్య వస్తాయి. బుద్ధి తెలిసే వయసులో వస్తాయి గనుక వాటికి జ్ఞానదంతాలని పేరు. కొందరికి నాలుగూ రావు. కొందరికి దవడలో చోటు చాలక పన్ను ఎముకలోనే అడ్డంగా పడుకొని ఉంటుంది, లేదా సగం పైకి వచ్చి ఆగిపోతుంది. అట్టి పన్ను మీది చిగురు మడతలో తిన్న పదార్థం చిక్కుకొని, క్రిములు చేరి, వాపు, చీము, నోరు తెరవలేని బాధ కలుగుతాయి. ముందున్న మంచి పన్ను కూడా దానివల్ల పుచ్చిపోవచ్చు.

వ్యాధి కనబడిన పన్ను సంగతి తేలికే, దానికి చికిత్స చేయవలసిందే. మరి ఏ బాధా పెట్టని పన్నును, ముందు ముందు ఏదో జరుగుతుందేమోనని తీయించాలా? దీనిపై వైద్యలోకంలోనే భేదాభిప్రాయం ఉంది. అమెరికాలో యౌవనంలోనే వీటిని తీయించడం చాలా కాలంగా వాడుక. ఇంగ్లండులో వైద్యసేవలకు మార్గదర్శకాలిచ్చే నైస్ అనే సంస్థ, వ్యాధి లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీసే ఆనవాయితీని మానుకోవాలని 2000 సంవత్సరంలో చెప్పింది. ఉంచుకోవడమంటే మరచిపోవడం కాదు. అప్పుడప్పుడు వైద్యునికి చూపించుకుంటూ ఉండాలి.

నిపుణులే రెండు విధాలుగా చెప్పే చోట, ఏ వైపు మొగ్గాలో నిర్ణయించవలసినది ఎవరు? ఆ నొప్పి ఎవరు భరిస్తారో వారే. ఇది నా నిశ్చితాభిప్రాయం. అయితే తక్కెడ చేతికిచ్చి తూకపురాళ్లు దాచిపెడితే ఎవడైనా ఎట్లా తూచగలడు? సంగతులన్నీ తెలియనివాడు “సరే” అన్నా అది అతని నిర్ణయం కానేరదు. 2008లో మన సుప్రీంకోర్టు వేరొక శస్త్రచికిత్సకు సంబంధించిన కేసులో ఈ సూత్రాన్నే స్పష్టపరచింది. చేయబోయే చికిత్స ఏమిటి, దేనికి, దానివల్ల మేలేమిటి, వేరే మార్గాలేమిటి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అనే సంగతులు తెలిపిన తరువాతనే రోగి సమ్మతి తీసుకోవాలని చెప్పింది.

ఇక్కడే మనవంటి వారికి ఒక ప్రత్యేకమైన బాధ్యత వస్తున్నది. యానాంలో తెలుగు అధికార భాషే గనుక అక్కడివారికి ఈ చిక్కు అంతగా లేదు. కాని కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో స్థిరపడిన మన కుటుంబాలలో, వైద్యుడు మాట్లాడే భాష ఇంట్లో పెద్దలకు పూర్తిగా అర్థం కాకపోవచ్చు. సంతకం చేయవలసిన కాగితం ఇంగ్లీషులోనో స్థానిక భాషలోనో ఉంటుంది. అక్కడి బడిలో చదువుకున్న కొడుకో కోడలో మనవరాలో మధ్యవర్తి అవుతారు.

సోలాపూరులో ఒక తల్లినీ కొడుకునూ ఊహించుకుందాం. వైద్యుడు ఎక్స్‌రే చూపి మరాఠీలో ఇట్లా చెబుతాడు: “పన్ను ఎముకలో అడ్డంగా ఉంది. చిగురు కోసి, కొంచెం ఎముక తొలిచి, పన్నును ముక్కలు చేసి తీయాలి. వేరు దగ్గర నరం ఉంది. కొద్దిమందికి పెదవి, గడ్డం తిమ్మిరెక్కుతాయి. సాధారణంగా తగ్గిపోతుంది, అరుదుగా ఉండిపోతుంది.” తల్లి కొడుకు ముఖం చూస్తుంది. “ఏమంటున్నాడురా?” కొడుకు అంటాడు: “ఏమీ లేదమ్మా, చిన్న పన్ను. అయిదు నిమిషాల పని. ఇక్కడ సంతకం పెట్టు.”

ఆ కొడుకు దుర్మార్గుడా? కాదు. తల్లి భయపడుతుందని, భయపడితే లేచి ఇంటికి వచ్చేస్తుందని, పన్ను ముదిరి మరింత కష్టమవుతుందని అతని ఆందోళన. ఈ వాదనలో బలం లేకపోలేదు. రక్తపోటు ఉన్న పెద్దవారికి భయం మేలు చేయదు. అయినప్పటికీ ఆ కుర్చీలో కూర్చుండి నోరు తెరిచేది తల్లి, కొడుకు కాదు. ఆమె దవడ గురించిన సత్యం ఆమె సొత్తు. దుబాసి ఆ సొత్తును మోసుకొచ్చి ఇచ్చేవాడేగాని, దారిలో సగం దాచుకొనే హక్కు అతనికి లేదు.

అయితే సత్యమంతా ఒక్కసారి కుప్పగా నెత్తిన పోయాలని నేననడం లేదు. ముప్పై మంది పిల్లలకు ఒకే పాఠం చెప్పినా, ఒక్కొక్కరికి అందేటట్టు చెప్పడమే ఉపాధ్యాయుని పని. “అమ్మా, మత్తు ఇంజక్షను ఇస్తారు. నొప్పి తెలియదు గాని, ఒత్తిడి తెలుస్తుంది, మర చప్పుడు వినబడుతుంది. నరానికి దెబ్బ తగలడం అరుదు, కాని జరగవచ్చని చెప్పాడు. ఏమంటావు?” ఇట్లా చెబితే అబద్ధమూ లేదు, అదరగొట్టడమూ లేదు. “ఆ వివరాలు నాకొద్దు నాయనా, నువ్వే చూసుకో” అని ఆమె అంటే అదీ సరే. అప్పుడా నిర్ణయాన్ని కొడుకు చేతిలో పెట్టింది ఆమె. అడగకుండా లాక్కోవడం వేరు, ఇస్తే పుచ్చుకోవడం వేరు.

ఈ సత్యం ఒక వైపు నుండి వస్తే చాలదు. రోగి కూడా దాచకూడదు. మహారాష్ట్రలో మిశ్రీ, ఒడిశాలో గుడాకు పళ్లకు రుద్దే అలవాటు, మన తీరప్రాంతంలో చుట్ట అలవాటు పెద్దలలో ఉన్నదే. కొడుకు ముందు చెప్పడానికి సిగ్గుపడి “నాకే అలవాటూ లేదు” అంటారు. పొగాకు ఏ రూపంలో ఉన్నా పుండుకు చెరుపే. చక్కెర వ్యాధి, రక్తం పలచబడే మాత్రలు, గుండె జబ్బు, మందులు పడకపోవడం వంటివి వైద్యునికి తప్పక చెప్పాలి. అవసరమైతే కొడుకును బయటికి పంపించి అయినా చెప్పాలి. అన్నిటికంటె ప్రమాదకరమైనది, ఖర్చవుతుందనో ఇంట్లోవారికి శ్రమ అవుతుందనో రోగి తానే “నాకేమీ లేదు” అని చీమును దవడలో దాచుకోవడం. ఆ చీము మెడ వైపు దిగి, ఊపిరి ఆడకుండా చేసి, ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు వైద్యులకు తెలుసు. ఓర్పు సద్గుణమే గాని, మింగలేని స్థితిలో మౌనంగా ఉండడం ఓర్పు అనిపించుకోదు.

శస్త్రచికిత్స అయిన తరువాతి రోజుల్లో ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. వాపు మొదటిరోజు కంటె రెండవ, మూడవ రోజుల్లో ఎక్కువగా ఉంటుంది. “అయిదు నిమిషాల పని” అని విన్న మనిషి మూడవ రోజు అద్దంలో ముఖం చూసుకొని, ఏదో పాడైపోయిందని హడలిపోతుంది. ముందే తెలిసిన మనిషి, చెప్పినట్టే ఉందనుకొని నిమ్మళంగా పడుకుంటుంది. ఆ పూట ఆమెకు నిజంగా ఓదార్పునిచ్చినది ఏది?

కాబట్టి మానే క్రమాన్ని కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. పెట్టిన గాజుగుడ్డను వైద్యుడు చెప్పినంతసేపు, సుమారు అరగంట నుండి గంట వరకు, గట్టిగా కొరికి పట్టాలి. గుంతలో గడ్డకట్టే రక్తమే ఆ పుండుకు మూత. మొదటిరోజు పుక్కిలించినా, గట్టిగా ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా ఆ మూత ఊడవచ్చు. మొదటిరోజు బుగ్గ మీద బయటనుండి ఐసు, మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీరు. చల్లారిన గంజి, రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం తినవచ్చు. ఆవకాయ, జంతికలు కొన్నాళ్లు ఆగాలి. కరిగిపోని కుట్లయితే సుమారు వారానికి తీస్తారు. లోపలి ఎముక పూడడానికి నెలలు పడుతుంది.

తగ్గవలసిన నొప్పి మూడు నాలుగు రోజులకు ఎక్కువైనా, నోరు దుర్వాసన వచ్చినా, రక్తపు గడ్డ ఊడి ఎముక బయటపడి ఉండవచ్చు. వైద్యుని దగ్గరకు వెళ్లాలి. జ్వరం వచ్చినా, మూడు రోజుల తరువాత కూడా వాపు పెరుగుతున్నా ఆలస్యం చేయరాదు. మింగడం, ఊపిరి పీల్చడం కష్టమైతే అదే గడియలో ఆస్పత్రికి తీసుకొనిపోవాలి. పెదవి తిమ్మిరి వదలకపోతే, “ఏమీ కాదులే” అని మనమే తేల్చేయకుండా వైద్యునికి తెలపాలి.

ఈ నాలుగు రోజులు రోగితో ఎక్కువ మాట్లాడించకుండా, పరామర్శకు వెళ్లిన మనం కూడా తక్కువ మాట్లాడి, జావ గిన్నె అక్కడ పెట్టి వస్తే మేలు.

ప్రేమకూ సత్యానికీ పోటీ ఉందనుకోవడం వల్లనే ఈ చిక్కంతా వస్తున్నది. నిజం చెప్పి వెళ్లిపోవడం సులభం. అబద్ధం చెప్పి పక్కన కూర్చోవడమూ సులభమే. నిజం చెప్పి పక్కన కూర్చోవడం కష్టం. ఆప్తులు చేయవలసిన పని అదే. ఇకమీదట మన ఇంట ఎవరైనా ఆస్పత్రికి బయలుదేరినప్పుడు, “ఏమీ కాదులే” అనడానికి బదులు, “ఇది జరుగుతుంది, ఇన్ని రోజులుంటుంది, నేను దగ్గరే ఉంటాను” అని చెబుదాం.