బీరువాలో పెట్టిన ఫోను

కర్ణాటకలోని బాగేపల్లిలో చింతామణి బస్సెక్కిన ఇద్దరికీ పక్కపక్క సీట్లే దొరికాయి. ఒకాయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మేష్టరు. రెండో ఆయన టమోటా రైతు. పదో తరగతి చదివే కొడుకు ఫోను లాక్కొని బీరువాలో పెట్టి వస్తున్నాడు.

"మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడగావ్‌లో 2022 నుంచి రాత్రి ఏడుకు సైరను సార్. గంటన్నర ఫోన్లు, టీవీలు బంద్. మీరేమో పిల్లోళ్లను అడిగి రూలు పెట్టమంటారు. వాళ్లు అడిగి చేసినారా?"

"అక్కడ పెద్దోళ్లవీ బంద్ అయినాయప్పా. నీ ఫోను ఏ బీరువాలో ఉంది?"

రైతు చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. మార్కెట్టు రేటు వచ్చేది దాంట్లోనే.

"మందుకు అలవాటైనోన్ని సారాయి అంగడికి షరతులు రాయమంటే రాస్తాడా సార్?"

ఈ ప్రశ్నను మేష్టరు తేలిగ్గా వదల్లేదు. ఫోను సారాయి కాదన్నాడు. 2024 'అసర్' విద్యా సర్వేలో స్మార్ట్‌ఫోను వాడటం తెలిసిన 14–16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో 76 శాతం మంది అంతకుముందు వారంలో సోషల్ మీడియా చూశారు. 57 శాతం మంది చదువుకూ వాడారు. బీరువాలో పెడితే రెండూ పోతాయి. తొమ్మిదికి ఆపమని మనం రూలు పెడతాం, హోంవర్కు తొమ్మిదిన్నరకు క్లాసు గ్రూపులో వస్తుంది. ఆ సంగతి పిల్లవాడికి తప్ప ఎవరికి తెలుసు?

"2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలంటుంది. మీ ఇంట్లో ఫోను ఏదడిగినా 'సరే' అని నొక్కేదెవరు?"

"వాడే సార్," అని ఒప్పుకున్నాడు రైతు.

మాట అక్కడి నుంచి భాష మీదికి మళ్లింది. ఈ సీమలో చాలా ఇళ్లలో మాట తెలుగు, బళ్లో చదువు కన్నడ. ఈ సీమ యోగి కైవారం తాతయ్య రెండింటిలోనూ పాడాడు. తెలుగు అక్షరం రాని పిల్లకు ఈరోజు తెలుగు పాట వినిపిస్తున్నదీ ఆ ఫోనే. ఇది చిన్న విషయం కాదు. నిషేధం గురించి మాట్లాడేవాళ్లు దీన్ని తలవనైనా తలవరు.

"పిల్లోళ్ల మాట ఎవరు వింటారు సార్?"

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2021లో డిజిటల్ ప్రపంచం మీద మార్గదర్శకాలు ఇచ్చే ముందు 700 మందికి పైగా పిల్లలను అడిగింది. అంత దూరం పోనక్కర్లేదు. పంచాయతీలు మక్కళ గ్రామసభ, అంటే పిల్లల గ్రామసభ, జరపాలని కర్ణాటక ప్రభుత్వం 2006లోనే చెప్పింది. పిల్లలు అక్కడ బడి గోడ, మరుగుదొడ్డి, తాగునీళ్ల సంగతి లేవనెత్తుతారు. ఫోను సంగతీ అక్కడే రావాలి, పెద్దల ఫోన్లతో సహా.

"దానికి డబ్బులు?"

"మాట్లాడేదానికి డబ్బులెందుకప్పా?"

చింతామణిలో దిగుతూ రైతు ఆగాడు. "ఈసారి సభ ఎప్పుడో పంచాయతీ పీడీఓను అడగాల సార్. మా వాన్ని తోడుకొని పోతా."