చేయి ఎవరి కళ్ల కోసం?

బయోనిక్ చేతుల గురించి రాసేవాళ్లంతా రెండే లెక్కలు చెబుతారు: ఎన్ని వేళ్లు విడివిడిగా కదులుతాయి, ఎన్ని రకాలుగా పట్టుకోగలదు. 2007లో వచ్చిన ఐ-లింబ్ అనే కృత్రిమ చేతిలో ప్రతి వేలికీ సొంత మోటారు అమరాక ఈ లెక్క మరీ బలపడింది. కదలిక వస్తే చేయి వచ్చినట్టేనన్న ఆ నమ్మకమే నన్ను తొలుస్తోంది. అదే ఏడాది ఎలెయిన్ బిడిస్, టామ్ చౌ అనే కెనడా పరిశోధకులు పాతికేళ్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. పెద్దవాళ్లలో, భుజం కదిపి తీగ లాగితే పనిచేసే పాత రకం చేతిని వదిలేసినవాళ్లు సగటున 26 శాతం. మోటారు చేతిని వదిలేసినవాళ్లు 23 శాతం. అంత విద్య పెట్టినా తేడా ఇంతేనా? బరువు, చెమట, ఖరీదు కారణాలే, కాదనను. కానీ అవి తగ్గినంత మాత్రాన చిక్కు తీరుతుందని నాకు అనిపించడం లేదు.

సరదాగా రోబో చేతులు తయారుచేసేవాళ్ల పని చూస్తే అసలు లోటు ఎక్కడుందో తెలుస్తుంది. ఫ్రెంచి శిల్పి గేల్ లాంజ్‌వాన్ తన ఇన్‌మూవ్ రోబో నమూనాలను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. త్రీడీ ప్రింటర్, ఆర్డ్యునో బోర్డు, కొన్ని సర్వో మోటార్లు ఉంటే పిడికిలి బిగించే చేయి ఇంట్లోనే తయారవుతుంది. దానికి కోడిగుడ్డు ఇచ్చినప్పుడే చిక్కు. ఎంత తిరగాలో సర్వోకు తెలుసు. గుడ్డు తగిలిందో, పగిలిందో తెలియదు. మన ఒక్కో అరచేతి చర్మంలో స్పర్శను పట్టే నాడీ తంతువులు దాదాపు 17,000. మత్తుమందుతో వేలికొనలను మొద్దుబారిస్తే, కండరాలన్నీ సవ్యంగా ఉన్న మనిషి కూడా అగ్గిపుల్ల గీయడానికి తంటాలు పడతాడు. చేయి పనిముట్టు కావడానికి ముందే జ్ఞానేంద్రియం. 1912లో డోరెన్స్ అనే ఆయన పేటెంటు పొందిన, తీగ లాగితే పనిచేసే ఇనుప కొక్కెం రకాలు నేటికీ వాడుకలో ఉండటానికి ఇదీ ఒక కారణమే: తీగ బిగువు భుజానికి తెలుస్తుంది, ఎంత గట్టిగా పట్టుకున్నదీ మనిషికి కొంతైనా అందుతుంది.

ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చేయి తెగినచోట మిగిలిన ముంజేతి చర్మానికి స్పర్శ ఉంటుంది. కృత్రిమ చేతి సాకెట్ సరిగ్గా ఆ చర్మాన్నే కప్పేస్తుంది. అంటే పది పట్లు ఇచ్చే యంత్రం, ఉన్న ఒక్క స్పర్శనూ మూసేస్తోంది. ఆ చేతిని పక్కన పెట్టేసినవాళ్లను వైఫల్యం ఖాతాలో వేయడం తొందరపాటు. వాళ్లలో కొందరు తమకు మిగిలిన ఆ స్పర్శనే ఎంచుకున్నారేమో.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. స్పర్శే ముఖ్యమంటే, నలుగురిలో తిరిగే మనిషికి రూపం చిన్న విషయమా అన్నది మొదటిది. కాదు. జనం చూపులు గుచ్చుకోకుండా బతకాలనుకోవడం న్యాయమైన కోరిక. సూపర్‌హీరో రంగుల్లో వచ్చే హీరో ఆర్మ్ అనే బయోనిక్ చేతిని తొడుక్కున్న పిల్లల గర్వాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. స్పర్శను తిరిగి ఇవ్వడం కష్టం కాబట్టే ఆలస్యమైంది, అందులో ఎవరి తప్పూ లేదన్నది రెండోది. కష్టమన్నది నిజమే. క్లీవ్‌లాండ్‌లో డస్టిన్ టైలర్ అనే పరిశోధకుడి బృందం నరాల చుట్టూ ఎలక్ట్రోడ్లు అమర్చి, కృత్రిమ వేళ్లు తాకిన భావనను చేయి కోల్పోయిన ఒక వ్యక్తికి చేరవేసింది. కళ్లు మూసుకుని కూడా చెర్రీ పండు చిదమకుండా తొడిమ తీయగలిగాడతను. ఆ పరిశోధన అందరికీ అందాలని మనసారా కోరుకుంటాను.

అయినా కష్టం వల్లే ఆలస్యమైందన్న మాటను పూర్తిగా ఒప్పుకోలేను. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే జర్మన్ సర్జన్ హెర్మన్ క్రుకెన్‌బర్గ్ ముంజేతిలోని రెండు ఎముకలనూ విడదీసి, చర్మం కప్పి, పట్టకారులా పట్టుకునే చేయిగా మలిచే శస్త్రచికిత్స చేశాడు. బ్యాటరీ లేదు, మోటారు లేదు. పట్టుకుంటుంది, తాకింది ఏమిటో తెలుసుకుంటుంది. అయినా అది అరుదుగానే మిగిలిపోయింది. చూడటానికి బాగుండదన్నదే దాని మీద వచ్చిన ప్రధాన ఆక్షేపణ. రెండు చేతులతో పాటు చూపు కూడా కోల్పోయినవాళ్లకు మాత్రం వైద్యులు దాన్ని ప్రత్యేకంగా సూచిస్తూ వచ్చారు. తాకి తెలుసుకోవడం విలువేమిటో వైద్యానికి అప్పుడే తెలుసన్నమాట. చూపున్న మనిషి విషయానికి వచ్చేసరికి అతని చేతికి ఏం తెలియాలన్నది వెనక్కి పోయి, ఎదుటివాళ్లకు అది ఎలా కనబడాలన్నది ముందుకొచ్చింది.