పోనివారి తిరుగు ప్రయాణం

జమైకా, బార్బడోస్‌ల నుంచి ఘనాకు వచ్చే నల్లజాతివారి ప్రయాణాన్ని ఆ దేశం ‘తిరిగి రావడం’ అంటుంది. 2019ని ‘ఇయర్ ఆఫ్ రిటర్న్’గా జరిపింది కూడా. కానీ బానిస ఓడల్లో పోయినవారు పూర్వీకులు; వస్తున్నది వారి వారసులు. ఎన్నడూ పోనివారు తిరిగి రావడం ఎలా?

ఘనా తీరంలోని కేప్ కోస్ట్ కోటలో ఈ ప్రశ్న సూటిగా ఎదురవుతుంది. అక్కడ మగ బానిసలను కుక్కిన చీకటి గదులకు సరిగ్గా పైన ఆంగ్లికన్ ప్రార్థనా మందిరం ఉండేది. సముద్రం వైపు తెరుచుకునే గుమ్మానికి ‘డోర్ ఆఫ్ నో రిటర్న్’ అని పేరు. 1998లో జమైకా నుంచి ఒకరివి, అమెరికా నుంచి ఒకరివి, ఇద్దరు బానిసల అస్థికలను అదే గుమ్మం గుండా లోపలికి తెచ్చి, అస్సిన్ మాన్సోలో పూడ్చారు. గుమ్మానికి బయటివైపు ఇప్పుడు ‘డోర్ ఆఫ్ రిటర్న్’ అని రాసి ఉంటుంది. చనిపోయిన పెద్దలు కుటుంబంలోనే ఉంటారని నమ్మి, వారికి తర్పణం విడిచే ఘనాలోని అకాన్ ప్రజల దృష్టిలో ఇది ఉత్త లాంఛనం కాదు. వంశంలో ఎవరు వచ్చినా, పోయినవారూ వచ్చినట్టే.

బంధుత్వానికి ఆనవాళ్లున్నాయి. 1739లో బ్రిటిష్‌వారితో సంధి చేసుకున్న జమైకా మరూన్‌ల (తప్పించుకున్న బానిసల) నాయకుడు కడ్జో పేరు, సోమవారం పుట్టిన మగబిడ్డకు అకాన్‌లు పెట్టే కొజోయే. అనాన్సీ సాలీడు కథలు రెండు తీరాల్లోనూ ఉన్నాయి. అయినా బజారులో పిల్లలు ఈ చుట్టాన్ని ‘ఒబ్రొనీ’ అని, అంటే పరదేశీ అని, పిలవవచ్చు. మనసు చివుక్కుమనే మాటే, కానీ అందులో నిజమూ ఉంది. బందీలను కోటదాకా తెచ్చి అమ్మినవారిలో ఆఫ్రికా వ్యాపారులూ ఉన్నారన్న నిజం ఇంకా చేదు.

అందుకే చుట్టమైనా అతిథిలా మెలగడం మేలు. దేశంలో అడుగుపెట్టడానికి ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. మలేరియా మాత్రల సంగతి బయలుదేరకముందే వైద్యుణ్ని అడగాలి. ఏదిచ్చినా పుచ్చుకున్నా కుడిచేత్తోనే. పెద్దలను ముందు పలకరించాలి. ఊరి పెద్ద దర్శనానికి వట్టి చేతులతో వెళ్లకూడదు. మద్యం సీసా ఇవ్వడం ఆనవాయితీ. గుడుల దగ్గర, తర్పణాల దగ్గర అడగకుండా ఫొటో తీయరాదు. బందీలు చివరి స్నానం చేశారని చెప్పే అస్సిన్ మాన్సో ఏటి దగ్గర చాలామంది చెప్పులు విడుస్తారు.

ప్రవాస ఆఫ్రికన్ సంతతివారు ఘనాలో స్థిరపడే హక్కును 2000 నాటి వలస చట్టం గుర్తించింది. దానికీ దరఖాస్తు పెట్టుకోవాలి.