చవుక ధరలో దాగిన బాకీ

మన యిండ్లలో ప్రొద్దుగూకక ముందే భోజనము ముగించు అలవాటు యింకను చాలమందికి కలదు. చీకటిలో కంటికానని పురుగు అన్నములో పడునేమో యని భయము. నీరు వడగట్టి త్రాగుదుము. అంత సూక్ష్మప్రాణి యెడల యింత జాగరూకత గల మనము, ఎదుట చీపురు పట్టుకొని నిలిచిన మనిషి యెడల ఎంత జాగరూకతతో ఉన్నాము? ఈ ప్రశ్న నాకు స్వయముగా తట్టినది కాదు. ఒక అచ్చుకాగితము వలన తట్టినది.

బెంగుళూరులో మాది చిన్న సంస్థ. ఆఫీసు భవనములను శుభ్రపరచుట మా పని. పనివారు నలుబదిమంది, వారిలో సగముమందిని కాంట్రాక్టరు పంపును. లండనులో ప్రధాన కార్యాలయము గల ఒక ఖాతాదారు సంస్థ నుండి ప్రశ్నపత్రము వచ్చినది. "మీకు సరకును, మనుషులను సమకూర్చువారి వద్ద ఎక్కడనైన బానిసత్వము కలదా?" అని. ఇంగ్లండులో 2015లో చేసిన ఆధునిక బానిసత్వ చట్టము ప్రకారము, ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌనులు గాని అంతకు మించి గాని వ్యాపారము గల సంస్థలు ఈ విషయమున తాము తీసికొన్న చర్యలను ఏటేట ప్రకటింపవలెను. మావంటివారికి ఆ చట్టము వర్తింపదు గాని, పెద్దవారి ప్రశ్న మెట్టుమెట్టుగా దిగి మా గుమ్మము వరకు వచ్చినది. నాకు కోపము వచ్చినది. ఓడలకెత్తి మనుషులనమ్మిన దేశమువారా మనకు పాఠము చెప్పునది అనుకొని, అన్ని గడులలోను "లేదు" అని వ్రాసి సంతకము చేసితిని.

మా గుమాస్తా పెద్దవాడు. కాగితము చూచి, "అయ్యగారూ, కాంట్రాక్టరు రేటు అతనికెట్లు గిట్టుచున్నదో మనమెన్నడైన లెక్క వేసితిమా?" అనెను. లెక్క ఇది. కనీసవేతనము నెలకు రూ. 15,000 అనుకొందము. యజమాని కట్టవలసిన ప్రావిడెంటు ఫండు నూటికి 12 చొప్పున రూ. 1,800. ఇ.ఎస్.ఐ. నూటికి 3.25 చొప్పున రూ. 487.50. వెరసి రూ. 17,287.50. బోనసు, సెలవులు, కాంట్రాక్టరు లాభము ఇంకను కలుపలేదు. మరి అతడు మనిషికి రూ. 14,200కే పంపుచుండెను. తక్కువ పడిన సొమ్ము ఆకాశమునుండి రాదు గదా.

కందిపప్పు బజారు ధరకు సగమునకు ఎవడైన తెచ్చి యిచ్చిన మనమేమందుము? దొంగసరకనియో, కల్తీ అనియో వెంటనే అందుము. ధర చదువుట మన కులవిద్య. మనిషి శ్రమ విషయములో మాత్రము "నాకేమి తెలియును" అందుము. లెక్క తెలిసినవాని నోట ఆ మాట నిలువదు.

అప్పుతో పని ముడిపెట్టుట ఈనాటిది కాదు. ఒడిశాలోని బలాంగీరు, నువాపడా, కలహండి ప్రాంతములలో నువాఖాయి పండుగ వెళ్లిన పిమ్మట మేస్త్రీలు ఇంటింటికి వచ్చి అడ్వాన్సులిత్తురు. ఆ కుటుంబములు హైదరాబాదు చుట్టుప్రక్కల, పెద్దపల్లి ప్రాంతమున, తమిళనాట ఇటుక బట్టీలకు తరలిపోవును. అడ్వాన్సు ఇచ్చుట తప్పా? అప్పిచ్చుట మనకు కొత్త గాదు, నేను తప్పనను. ఆ అప్పును చూపి మనిషిని కదలనీయకపోవుట, వేరొకచోట పని చూచుకొననీయకపోవుట, కనీసవేతనము ఎగవేయుట: అక్కడ అప్పు సంకెల యగును. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఆ బాకీనే రద్దుచేసినది. 1982లో ఏషియాడ్ కట్టడముల కూలీల కేసులో, కనీసవేతనమునకు తక్కువగా పనిచేయించుట కూడ రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన నిర్బంధశ్రమయే అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

మన తత్త్వార్థసూత్రము అహింసాణువ్రతమునకు చెప్పిన అతిచారములు ఐదు: కట్టివేయుట, కొట్టుట, అంగములు కోయుట, మోయలేని బరువెత్తించుట, అన్నపానములు ఆపుట. ఇవి ఎద్దులను, గుఱ్ఱములను గూర్చినవని చదివి దాటిపోవుచుంటిని. 2013 డిసెంబరులో అడ్వాన్సు తగాదాలో కలహండి కూలీలు ఇద్దరికి మేస్త్రీ మనుషులు కుడిచేతులు నరికిరి. ఆ వార్త తెలిసిన పిమ్మట ఆ మూడవ మాట పశువులది గానే చదువలేకపోతిని. అచౌర్యవ్రతము క్రింద, దొంగ తెచ్చిన సొత్తును కొనుట కూడ దోషముగా చెప్పబడినది. కూలి దొంగిలింపబడిన పనిని చవుకగా కొనుట ఏ పద్దు క్రింద వ్రాయుదుము? చేయుట, చేయించుట, అనుమోదించుట అని మూడు గదా. నేను కొట్టలేదు, కొట్టుమనలేదు. మూడవదానికి జవాబు దొరకలేదు.

ఇక నేను చేసిన తప్పు చెప్పవలెను. పనివారిని పిలిచి, మేస్త్రీ ప్రక్కన నిలుచుండగనే, "మీకేమైన కష్టమున్నదా?" అని అడిగితిని. అందరును లేదనిరి. మరునాడు బలాంగీరు కుఱ్ఱవాడొకడు గుమాస్తాతో చాటుగా చెప్పెను: చెల్లెలి పెండ్లికి రూ. 30,000 తీసికొన్నాడట, ఏ.టి.ఎం. కార్డు మేస్త్రీ వద్దనే ఉన్నదట. నేను ఆవేశపడి వెంటనే కాంట్రాక్టరునకు ఫోను చేసి చీవాట్లు పెట్టితిని. తెల్లవారుసరికి ఆ కుఱ్ఱవాడును, వాని తోడివాడును లేరు. "ఊరికి పోయిరి" అన్నారు. ఫోను పలుకలేదు.

ధర్మము చేయుచున్నానను తొందరలో బలహీనుని పేరు బలవంతుని చెవిని వేసితిని. ముందు వాని కార్డు వాని చేతికి రప్పించి, ఇల్లు చేరు దారి చూచి, జిల్లా మేజిస్ట్రేటునకు వ్రాసి, పిమ్మట కాంట్రాక్టరుతో మాటాడవలసినది. ఇట్టి కాంట్రాక్టరును ఒక్కసారిగా మానిపించినను ఫలము లేదు. మనుషులను మన కంటికానని మరియొక చోటికి తోలుకొనిపోవును.

ఇప్పుడు జీతము ఎవరి బ్యాంకు ఖాతాలో వారికే పడవలెనని షరతు. కార్డు, ఆధారు ఎవరి జేబులో వారికే. ఒడియా వచ్చిన మనిషి, మేస్త్రీ లేని వేళ, వారితో మాటాడును. ఎవరు ఎంత అడ్వాన్సు తీసికొన్నారో వ్రాసికొనును. రేటు పెంచితిమి. ధర ఎక్కువైనదని ఒక ఖాతాదారు మమ్ము విడిచినాడు. ఆ సంవత్సరము లాభము పలుచబడినది. "మీరు కొనకున్న వేరొకరు కొందురు" అని బంధువులు కొందరు హెచ్చరించిరి. కొందురు, నిజమే. వారి ఆవర్జా వారిది.

లండను వారికి మొదటి జవాబు రద్దుచేసి రెండవది పంపితిని. ఈసారి గడులు చాలలేదు, వేరు కాగితము జతపరచితిని.

ఆ కుఱ్ఱవానికి కనీసవేతనమునకు తక్కువ పడిన మొత్తమును మా గుమాస్తా నెలనెలకు లెక్కగట్టి వాని పేర జమ వ్రాసెను. ఊరి పంచాయతీకి రెండుమార్లు వ్రాసితిమి. దీపావళికి కొత్త పుస్తకములు తెరచునప్పుడెల్ల ఆ జమ క్రొత్త ఆవర్జాలోనికి ఎక్కుచున్నది.