విరమణ వేళ వినవలసిన మాట

శ్రీశైల యాత్రకు పోవువాడు మల్లికార్జునుని నమ్మియే బయలుదేరును. అయినను దారిబత్తెము కట్టుకొనును. అడవి త్రోవ ఎరిగినవానిని అడిగి మరీ అడుగు వేయును. అట్లు చేయుట భక్తికి లోపమని ఎవ్వరును అనలేదు. త్రిపురాంతకము మీదుగను, దోర్నాల మీదుగను కొండకు పోవు భక్తులను తరతరములుగా చూచుచున్న మార్కాపురము సీమవారికి ఈ సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. కాని జీవితయాత్రలో ఒక మలుపున మాత్రము ఇక్కడి పెద్దలు సైతము త్రోవ అడుగుటకు సంకోచించుచుందురు. ఆ మలుపు ఉద్యోగవిరమణము.

తర్లుపాడు చిన్న ఊరే. గుంటూరు నుండి నంద్యాల వైపు పోవు రైలుమార్గము మీద ఒక స్టేషను. చుట్టును వానను నమ్ముకొన్న మెట్టచేలు. సమీపమున పలకలకు పేరుపొందిన మార్కాపురము. ఇట్టి ఊరిలోని ఒక ఉపాధ్యాయుని ఊహించుడు. ముప్పది యేండ్లు ఊరి పిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పినవాడు. వడ్డీలెక్కలు నల్లబల్లపై వ్రాసి వ్రాసి వ్రేళ్లకు సుద్దపొడి పట్టినవాడు. అట్టివాడు, విరమణకు ఏడాది మాత్రమే మిగిలియుండగా, ఒక్కసారి చేతికి వచ్చు సొమ్మెంత, నెలనెల వచ్చునదెంత, తన తరువాత భార్యకు వచ్చునదెంత అను మూడు ప్రశ్నలకు బదులు ఎరుగడు. ఎరుగకపోవుట తప్పు కాదు, నిబంధనలు చిక్కైనవి. ఎవ్వరిని అడుగకపోవుటయే వింత.

అడుగకపోవుటకు కారణములు మూడు. మొదటిది అభిమానము: పదిమందికి చెప్పినవాడు ఒకరిని అడుగుటయా? రెండవది భయము: సొమ్ము సంగతి బయటపడినచో అప్పులడుగువారు వాకిట నిలుతురు. మూడవది భక్తి: శివుడున్నాడు, ఆయనే చూచుకొనును. మొదటి రెండును లోకసహజములు. మూడవది ధర్మము పేరిట వచ్చుచున్నది గనుక దానిని శ్రద్ధగా విచారింపవలెను.

శరణులు ధనసంచయమును నిరసించిన మాట నిజము. రేపటి కొరకని కూడబెట్టి నేటి దాసోహమును మానుట బసవేశ్వరుని బోధకు విరుద్ధము. ఇట్లుండగా వృద్ధాప్యము కొరకు డిపాజిట్లు వెదకుట, పింఛను లెక్కలు వేయుట, సలహాదారుల నాశ్రయించుట శరణధర్మమునకు తగునా అని ఒక సాధకుడు ప్రశ్నించినచో ఆ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు.

దీనికి సమాధానము ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథలోనే కలదు. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే ఆ దంపతులు జంగమ దాసోహము నడిపిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు; ఈ అధికము మనకేల, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను మందలించెను. ఈ కథను ఆశను జయించుటకు దృష్టాంతముగా చెప్పుదురు. అది సరియే. అయితే ఇందులో మరియొక సంగతి కలదు. బియ్యము ఎక్కువైనదని లక్కమ్మకు ఎట్లు తెలిసినది? ఇంటికి ఎంత కావలెనో, దాసోహమునకు ఎంత కావలెనో ఆమె ఎరుగును గనుక తెలిసినది. కొలత ఎరుగనివారికి అధికమును తెలియదు, కొరతయును తెలియదు. ఆశను విడుచుటకు లెక్క విడువనక్కరలేదు. లెక్క తెలిసినవారే ఆశను విడువగలరు.

బసవేశ్వరుడు తానే కళ్యాణమున బిజ్జలుని భాండారి. రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని గిట్టనివారు కొండెములు చెప్పగా, భాండారము లెక్కింపబడి ఏ లోపమును లేదని తేలినట్లు పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. భక్తిభాండారి లెక్కల పుస్తకమును చిన్నచూపు చూడలేదు. ఇక పింఛను మాట: 1982 డిసెంబరు 17వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము నకారా కేసు తీర్పున, పింఛను ప్రభుత్వము దయతలచి ఇచ్చునది కాదనియు, పూర్వము చేసిన సేవకు ప్రతిఫలమనియు నిర్ణయించెను. ఆ తేదీనే పింఛనుదారుల దినముగా పాటించుచున్నారు. శరణుల భాషలో చెప్పవలెనన్న పింఛను భిక్షము కాదు, కాయకఫలము. కాయకఫలమును అజాగ్రత్తగా పారవైచుట వైరాగ్యము కాదు.

విరమణకు ముందే తెలిసికొనవలసినవి కొన్ని కలవు. తేదీ ఒకటే స్థిరమని తలపరాదు. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గింపగా వేలకొలది ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టవలసివచ్చెను. తరువాత మరల 58, 2014లో 60, 2022లో 62 ఏండ్లుగా అది మారెను. అప్పటి వారిలో కూతురి పెండ్లికి మూడేండ్ల గడువు కలదని ధైర్యముగా నున్నవాని స్థితి ఎట్టిదో ఊహింపవచ్చును. కావున చివరి ఏటిలో కాక, కొన్ని ఏండ్లు ముందుగనే సర్వీసు రిజిస్టరు తెరచి పుట్టినతేదీ, సేవాకాలము, భార్య పేరు, నామినేషను సరిగా నున్నవో లేవో చూచుకొనుట మేలు. ఒక అక్షరము తప్పినను విధవరాలు కార్యాలయముల చుట్టును తిరుగవలసివచ్చును.

ఎవరికి ఏ పింఛను వర్తించునో కూడ తెలియవలెను. 2004 సెప్టెంబరు 1వ తేదీ తరువాత రాష్ట్ర ప్రభుత్వ కొలువులో చేరినవారికి పాత పింఛను కాక కాంట్రిబ్యూటరీ పింఛను వచ్చెను. ఆ నిధిలో విరమణనాడు 60 శాతము వరకు చేతికి తీసికొనవచ్చును. తక్కిన 40 శాతముతో నెలనెల వచ్చు యాన్యుటీ కొనవలెను. తనతోనే ఆగిపోవు యాన్యుటీ కొంచె మెక్కువ ఇచ్చును. తన తరువాత భార్యకును కొనసాగునది కొంచెము తక్కువ ఇచ్చును. ఆ కొంచెమునకు ఆశపడి సంతకము చేసినవాడు తన భార్య వృద్ధాప్యమును అమ్ముకొన్నవాడగును. పాత పింఛను కలవారికి కమ్యుటేషను అను ప్రశ్న వచ్చును. పింఛనులో 40 శాతము వరకు ముందుగనే అమ్ముకొని ఒక్కమొత్తముగా తీసికొనవచ్చును. నెలకు 40,000 రూపాయల పింఛను వచ్చువాడు ఇట్లు చేసినచో నెలకు 16,000 తగ్గును. ఆ తగ్గినది 15 ఏండ్ల తరువాతగాని తిరిగి రాదు. ఇంటిమీది అప్పు తీర్చుటకైనచో ఇది యుక్తము కావచ్చును. మనుమని పేరిట స్థలము కొనుటకైనచో ఒకటికి రెండుసార్లు ఆలోచింపవలెను.

ఇంతవరకు అడుగవలసిన ప్రశ్నలు. ఎవరిని అడుగవలెను? అసలు ధర్మసంకటము ఇక్కడనే యున్నది. విరమణ సొమ్ము వచ్చుచున్నదని తెలియగానే సలహాలిచ్చువారికి కొరత యుండదు. వారిలో శత్రువు లెవ్వరును ఉండరు, అందరును మేలుకోరువారే. ఒకడు మేనల్లుడు, ఒకడు పూర్వశిష్యుడు, ఒకడు అదే మఠమునకు వచ్చు లింగధారి. వారిని శంకించుట పాపమని పెద్దమనిషి తలచును.

అగ్రిగోల్డు సంగతి తెలుగువారెవ్వరును మరువలేదు. భూములపై పెట్టుబడి అనియు, ఎక్కువ రాబడి అనియు చెప్పి ఆ సంస్థ పలు రాష్ట్రములలో సుమారు 32 లక్షలమంది నుండి వేలకోట్ల రూపాయలు సేకరించెను. 2014–15 నాటికి చెల్లింపులు నిలిచిపోయెను. 2019లో 10,000 రూపాయల లోపు కట్టినవారికి, 2021లో 20,000 లోపు కట్టినవారికి ప్రభుత్వము తన నిధులనుండి చెల్లించెను. అంతకు మించి జీవితకాలపు కష్టమును పెట్టినవారు కోర్టు వాయిదాలు లెక్కించుచు కూర్చుండవలసివచ్చెను. ఆ సొమ్మును ఊరూర సేకరించినవారు పరాయివారు కారు, ఊరి ఏజెంట్లే. వారును నమ్మియే చెప్పిరి. పెక్కురు తమ సొమ్మును కూడ పోగొట్టుకొనిరి. చెప్పువాని మంచితనము సలహా మంచితనమునకు హామీ కాదని ఇందువలన తేలుచున్నది.

కావున మనిషిని శంకింపక సలహాను పరీక్షింపవలెను. పరీక్షలు మూడు. ఈ మాట విన్నందువలన చెప్పినవానికి కమీషను ముట్టునా? ముట్టినచో అది అమ్మకము, సలహా కాదు. అమ్మకము నేరము కాదుగాని దానిని సలహాగా స్వీకరింపరాదు. సొమ్ము పోయినచో ఎవరు బాధ్యులు? బ్యాంకులోని డిపాజిట్టుకు ఒక్కొక్క బ్యాంకున ఒక్కొక్కరికి 5 లక్షల వరకు బీమా కలదు. ఈ పరిమితి 2020లో లక్ష నుండి పెంచబడెను. తపాలా కార్యాలయమునను, బ్యాంకులలోను వృద్ధుల కొరకు గల సీనియర్ సిటిజన్ పొదుపు పథకమునకు కేంద్రప్రభుత్వము బాధ్యత వహించును. 2023 నుండి 30 లక్షల వరకు అందులో నుంచవచ్చును. వడ్డీ మూడు నెలల కొకమారు చేతికి వచ్చును. ఈ మాటను పదిమంది యెదుట చెప్పగలడా? ఇది నీకు మాత్రమే చెప్పుచున్నాను, రేపటిలోగా తేల్చుము అనువాని చేతిలో సొమ్ము పెట్టరాదు.

ఈ మూడు పరీక్షలకు నిలుచువారు దుర్లభులు కారు. ఖజానా కార్యాలయపు సిబ్బంది, పింఛనుదారుల సంఘములోని అనుభవజ్ఞులు, కమీషను పుచ్చుకొనక ముందుగా చెప్పిన రుసుము మాత్రమే పుచ్చుకొని సలహా ఇచ్చుటకు సెబీ వద్ద నమోదైనవారు కలరు. లక్షలు పోగొట్టుకొనుటకు వెనుదీయనివాడు రుసుమిచ్చి అడుగుటకు వెనుదీయుట విచిత్రము.

ఆస్తిని బిడ్డలకు వ్రాసియిచ్చుట మరియొక సంకటము. ప్రేమతో వ్రాయుదురు, వ్రాసిన పిమ్మట కొందరు అరుగు మీదికి చేరుదురు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము 23వ విభాగము ప్రకారము, పోషింపవలెనను నియమముతో వ్రాసిన ఆస్తిని, పోషింపనిచో రద్దు చేయించుకొనవచ్చును. రెవెన్యూ డివిజనల్ అధికారి ఎదుట గల ట్రిబ్యునలులో అర్జీ పెట్టుకొనవచ్చును. కాని ఆ నియమము పత్రములో స్పష్టముగా నుండుట క్షేమము. నియమము వ్రాయించుట బిడ్డలను అవమానించుట కాదా అని కొందరు బాధపడుదురు. కాదు. నియమమును పాటింపదలచిన బిడ్డకు అది భారము కాదు. పాటింపనివానికి మాత్రమే అది అడ్డు.

ఇన్ని సలహాలకును ముందు వినవలసిన సలహా ఒకటి కలదు. మారయ్యకు కొలత చెప్పినది గురువు కాదు, రాజు కాదు, పండితుడు కాదు, ఇల్లాలు. శరణుల ఇంట సొమ్ము విషయమున తుదిమాట చెప్పగల అధికారము లక్కమ్మకు కలిగినది. ఆ లక్కమ్మను కొనియాడు ఇండ్లలోనే నేడు భర్త పింఛను ఎంతయో, పాసుపుస్తక మెక్కడనో, నామినేషనులో ఎవరి పేరు కలదో ఎరుగని ఇల్లాండ్రు ఎందరో కలరు. ఆమెకు ఇవన్నియు ఎందుకని పురుషుడు ప్రేమతోనే అనును. ఆ ప్రేమ ఆమెను అతని మరణానంతరము పరుల చేతిలో పెట్టును. తర్లుపాటి ఉపాధ్యాయుడు ఎవరి యొద్దకును పోకముందు ఒక సాయంకాలము భార్య నెదుట కూర్చుండబెట్టుకొని, రాబడియు, అప్పును, నెల ఖర్చును, దాసోహమునకు విడిచిపెట్టదలచినదియు ఒక కాగితము మీద వ్రాసినచో సగము త్రోవ తెలిసినట్లే. ఎంత కావలెనో తెలిసినవానిని ఎక్కువ వడ్డీ ఆశ చూపి మోసగించుట కష్టము.

ఇక కాయకమునకు విరమణ కలదా? లేదు. విరమణ ఉద్యోగమునకే. పలకలు కోయు కార్మికునికి, కంది చేనిలో కూలికి పోవు స్త్రీకి ఏ ప్రభుత్వమును విరమణ తేదీ నిర్ణయింపలేదు. అర్హులైన పేదవృద్ధులకు 2024 జూలై నుండి రాష్ట్రమున నెలకు 4,000 రూపాయల పింఛను అందుచున్నది. దానికి తోడుగా తమ సొమ్ము కొంత ఉండవలెనన్నచో యౌవనమునందే మొదలుపెట్టవలెను. 2015లో వచ్చిన అటల్ పింఛను పథకమున చేరుటకు 18 నుండి 40 ఏండ్లలోపు వారికే వీలు. ఈ సంగతి 41వ ఏట తెలిసినవానికి ప్రయోజనము లేదు. వారికి సకాలమున చెప్పువారెవరు?

విరమణ పొందిన ఉపాధ్యాయుడే చెప్పవలెను. తన కొరకు అడిగి తెలిసికొన్న త్రోవను కమీషను లేక, దాపరికము లేక పరులకు చూపుట జ్ఞానదాసోహము. మఠములలో పూర్ణిమకో అమావాస్యకో కూడు భక్తులకు అన్నముతోపాటు ఒక గడియ ఈ మాట చెప్పించినచో, దరఖాస్తు నింపలేక మధ్యవర్తికి రూపాయలు పోయు పేదలకు మేలగును. అరువది రెండేండ్ల వయస్సున సుద్దముక్క క్రింద పెట్టినవానికి ఇంతకన్న తగిన కాయకము మరియొకటి యుండదు. త్రోవ అడుగుటకు సిగ్గుపడనివాడే పదిమందికి త్రోవ చూపగలడు.