పటమును గోడకెక్కించువాడు

మన పట్టణములలో పటములు కట్టెడి అంగళ్లు బహుకాలము ఒకే తీరున నడచినవి. గిరాకీదారుడు చిత్రమును తెచ్చి ఇచ్చుటతోను, అంగడివాడు కొలతపెట్టి, కఱ్ఱపట్టీలను మూలలు కలియునట్లు ఏటవాలుగా కోసి, అద్దము వేసి, వెనుక అట్ట బిగించి, పాత పత్రికాకాగితములో చుట్టి చేతికిచ్చుటతోను వారి సంబంధము ముగిసెడిది. మేకు కొట్టుట గృహస్థుని పని. ఇప్పుడు గృహస్థునకు ఆ వెసులుబాటు లేదు. కాంక్రీటు గోడ ఇంటి సుత్తికి లొంగదు, అద్దె ఇంటి యజమాని గోడ పగులుట కోర్వడు. కావున చిన్న అంగడివాడు సైతము డ్రిల్లింగు మిషనును, రసమట్టమును, నిచ్చెనను సమకూర్చుకొని, తాను కట్టిన పటమును తానే వచ్చి గోడకు బిగించు పనిని గూడ వ్యాపారమున చేర్చుకొనుచున్నాడు. వర్తకదృష్టికి ఇది ఆదాయమునకు మరియొక దారి మాత్రమే. కాని ఆ పటములలో దేవుని పటములు పెక్కు. అందుచేత ఇందొక ధర్మసందేహము పుట్టుచున్నది. సామాను బిగించువాడు ఏ క్షణమున దేవతాస్థాపకు డగుచున్నాడు? అసలగుచున్నాడా?

సందేహము పాతదే. ఒకదాని పోలిక గల బొమ్మను చెప్పునపుడు మూలపదముపై ‘కన్’ ప్రత్యయము చేరుననియు, జీవనోపాధికి సాధనమయ్యు విక్రయమునకు పెట్టని ప్రతిమల విషయమున ఆ ప్రత్యయము లోపించుననియు పాణిని విధించెను. అనగా అంగట నమ్ముడు బొమ్మ శివకము. అర్చకుని బ్రతుకునకు ఆధారమై పూజలందుకొను మూర్తి శివుడే. ఈ సందర్భముననే పతంజలి, మౌర్యులు బంగారము నాశించి అర్చామూర్తులను కల్పించిరని ఒక చురక వేసినాడు. వైయాకరణునకు మతచర్చతో పనిలేదు. లోకవ్యవహారమే ఆయనకు ప్రమాణము. అమ్మకపు సరకునకును అర్చామూర్తికిని నడుమ ఒక గీత కలదని రెండువేల యేండ్లకు పూర్వమే జనులెరిగియుండిరి. అయితే ఆ గీతను బొమ్మ ఎప్పుడు దాటునో, ఎవరు దాటింతురో సూత్రము చెప్పదు.

1894లో రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయమును నెలకొల్పి లక్ష్మీసరస్వతుల రంగుచిత్రములను అచ్చువేయించిన పిమ్మట, ఆలయప్రవేశము లేనివారి ఇండ్లకు సైతము దేవతలు కాగితమున దయచేసిరి. ఆ కాగితమునకు శాస్త్రమున చోటు లేకపోలేదు. భాగవతము ఏకాదశస్కంధమున ఉద్ధవునకు బోధించునపుడు కృష్ణుడు ఎనిమిది విధములైన ప్రతిమలను లెక్కించి, శిలాదారులోహములతోపాటు లేఖ్యమును, అనగా చిత్రించిన రూపమును గూడ పేర్కొనెను. స్థిరప్రతిమ, చలప్రతిమ అను భేదమును చెప్పెను. చిత్రమునకు స్నానము తగదు, తుడుచుట చాలునని మినహాయింపు నిచ్చెను. భగవంతుడంతటివాడు కాగితము తడిసిన చెడునను సంగతిని గుర్తుంచుకొని పూజావిధిని సవరించినాడన్నచో, పదార్థధర్మమును పాటించుట భక్తికి వెలితి కాదని మనము గ్రహింపవచ్చును.

ఇక స్థాపకుని మాట. ఆలయములలో శిల్పి విగ్రహమునకు కన్నులు తెరచిన పిమ్మట అతనిని సత్కరించి పంపివేసి, తరువాతి క్రియను ఆచార్యుడు నడుపుట ఆగమసంప్రదాయము. మలచినవాడు ఒకడు, ఆవాహనము చేయువాడు మరియొకడు. గృహమున ఆచార్యస్థానము గృహస్థునిది. కావున స్క్రూ బిగించినవాడు తన పని ముగించి నిచ్చెన మడుచునంతవరకు గోడమీద నున్నది వస్తువే. ఇంటివారు దీపము పెట్టినప్పుడు గాని అది దైవము కాదు. అద్వైతి ఇంతకంటె ముందుకు పోవును. తక్కువదానియందు ఎక్కువదానిని భావింపవలెను గాని తద్విరుద్ధముగా కాదని బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయమున తీర్మానమున్నది. రాజసేవకుని రాజుగా గౌరవింపవచ్చును గాని రాజును సేవకునిగా చూచుట అపచారమని శంకరులు వివరించిరి. దాని ప్రకారము పటము ఒక ఆలంబనము. పడినను పగిలినను బ్రహ్మమునకు కలుగు కొరత లేదు.

విశిష్టాద్వైతి దీనికి తలయూపడు. పర, వ్యూహ, విభవ, అంతర్యామి రూపములతోపాటు అర్చారూపమును గూడ భగవదవతారముగనే ఎంచు ఆ సంప్రదాయమున, స్వామి తన స్వాతంత్ర్యమును విడిచి స్నానపాన శయనములన్నిటికి భక్తునికి అధీనుడై యుండుటయే సౌలభ్యమునకు పరాకాష్ఠ. ఈ మాటను నమ్మినవాడు గోడవైపు చూచి ఒక్కింత కలవరపడక తప్పదు. ఏలయన అర్చకపరాధీనుడైన స్వామి మన యిండ్లలో మేకుపరాధీనుడు కూడ. నాకు తోచినంతవరకు ఈ రెండు మతములు పనివాని విషయమున ఒక్కచోటికే వచ్చుచున్నవి. దైవత్వమును సమకూర్చు భారము అతనిపై లేదు. అందుచేతనే స్థైర్యమును సమకూర్చు భారము పూర్తిగా అతనిదే. మంత్రము తెలియకున్న దోషము లేదు. గోడ తెలియకున్న దోషము కలదు.

గోడ తెలియుట సామాన్యవిద్య కాదు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల పటమునకు మూడు మిల్లీమీటర్ల అద్దమే నాలుగు కిలోల పైచిలుకు తూగును. దానికి కఱ్ఱ, అట్ట అదనము. ఎఱ్ఱ ఇటుక పట్టియుంచు స్క్రూను ఈనాటి తేలికదిమ్మ పట్టియుంచదు. దానికి వేరు ప్లగ్గు, లోతైన రంధ్రము కావలెను. ఒక కొక్కెమున వ్రేలాడు పటము తలుపు వేసినప్పుడెల్ల ఒరగును, రెండింట వ్రేలాడునది నిలుచును. గోడకు అంటుకొన్న పటము వెనుక వానకాలపు చెమ్మ చేరి బూజు పట్టును. కొంచెము ఎడముంచిన గాలి ఆడును. మన పెద్దలు పటమును క్రింద రెండు మేకులపై నిలిపి, పైన త్రాటితో ముందునకు వాల్చి కట్టుటలో అద్దముపై వెలుగు మెరసి ముఖము కానరాకపోవు ఇబ్బంది తప్పుటయేగాక, నేలపై కూర్చున్నవానికి దేవుని చూపు తిన్నగా అందెడిది. ఆ వాలు ఇప్పుడు పోయినది. ఇప్పటి పటములు ఎదుటిగోడను చూచుచున్నవి.

పటము పడినప్పుడు మన యిండ్లలో జరుగునది చూడుడు. ఇల్లాలు అపశకునమని వణకును, పురోహితుడు శాంతి చెప్పును, బిగించినవాడు నోరు మెదపడు. ప్లగ్గు వదులైనదని చెప్పగలవాడు అతడొక్కడే. ఆ ఒక్కడు చెప్పకపోవుటచేత తన పనిలోని లోపము గ్రహములపైకి పోవుచున్నది. దీనిని నేను అసత్యమనియే అందును. అంతకంటె కీడు మరియొకటి. బిగించు పని చేపట్టిన అంగడివాడు నేడో రేపో ఏ దిక్కున ఏ దేవుడుండవలెనో చెప్పు వాస్తుజ్ఞుని వేషమును గూడ కట్టి దానికి వేరుగా రుసుము నడుగును. అది గీత దాటుట. అతనికి తెలిసినవి భారమును, మట్టమును. అమ్మదగినవి అవియే.

మరి దేవుని పనికి కూలి అడుగవచ్చునా అని బేరమాడువారున్నారు. పూజను అమ్ముకొను దేవలకుని మనువు శ్రాద్ధభోజనమునకు పిలువరాని వారిలో చేర్చినమాట నిజమే. ఆ నింద అర్చనను జీవికగా చేసికొన్నవానిది గాని గోడకు రంధ్రము వేయువానిది కాదు. ఇక బిగించువాని మతము నడుగువారి మాట. పటములు కట్టు అంగడిలో తిరుమల వేంకటేశ్వరుడు, మక్కా చిత్రము, మేరీమాత, ఎవరి తండ్రియో పూలదండ పడవలసిన ఛాయాచిత్రము ఒకదానికొకటి ఆనుకొని గోడవారగా నిలిచియుండును. కట్టువాడు ఏ మతస్థుడో ఎవ్వరు నడుగరు. బిగించునప్పుడు మాత్రము అడుగుట ఏమి న్యాయము?

కావున పటము బిగించుకొను పాఠకులకు నా మనవి ఇంతే: పనివానిని తొందరపెట్టకుడు, ముందుగా గోడను తట్టి చూడనిండు, ఆ గడియకు గూడ కూలి కట్టి ఇండు, అతడు చేయి తీసిన పిమ్మట పటమును ఒకమారు మీచేతితో లాగి చూచి, ఆమీదటనే దీపము వెలిగింపుడు.